ఒక్క మనిషి బరువు

మేస్త్రి ఆ చిన్న రేకు ముక్కని కాక్‌పిట్ అంచుకి లోపలివైపు ఆనించి నాలుగు మూలలా రివెట్లు బిగించేదాకా, దాని మీద ఏం రాసి ఉందో మాష్టారికి కనిపించలేదు. కనిపించాక కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"పైలట్ బరువు: తక్కువలో తక్కువ అరవై ఐదు కిలోలు."

మేస్త్రి కాగితం మీద రాస్తే కోడి కెలికినట్టుంటుంది. అదే రేకు మీద అక్షరాల పంచ్ పెట్టి కొడితే మాత్రం అచ్చు వేసినట్టు వస్తుంది. బస్సు బాడీలు కట్టే షెడ్డులో అన్నేళ్ళు నంబరు ప్లేట్లు కొట్టిన చెయ్యి మరి.

"ఏమోయ్, ఇక్కడ యాభై ఉండాలి కదా?" అన్నారు మాష్టారు.

"అరవై ఐదే బావా."

"ముక్కులో సీసం దిమ్మ బిగిస్తే యాభై చాలు. లెక్క కట్టింది నేను. పక్కన కూర్చుని టీ తాగింది నువ్వు."

"ఆ దిమ్మ మీద నాకు నమ్మకం లేదు. పైన బోల్టు వదులైందనుకో, ఎవరు చూసొచ్చారు?" అంటూ మేస్త్రి కుడిచెవి తమ్మె రుద్దుకున్నాడు.

మాష్టారు ఆ చెయ్యి వైపే చూశారు. చెవితమ్మె అలా రుద్దుకోవడం ఆయన తన ఇంట్లో ఏళ్ళ తరబడి చూశారు. ఈ మనిషి అక్కగారిదీ అదే అలవాటు. "మాత్ర వేసుకున్నానండీ" అని ఆవిడ చెప్పేటప్పుడు చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళిందంటే, మాత్ర ఇంకా డబ్బాలోనే ఉన్నట్టు. అక్కాతమ్ముళ్ళకి అబద్ధం చెప్పడం చేతకాదు. ఆవిడ పోయాక ఆ చేతకానితనం చూడటానికి ఆయనకి మిగిలింది ఈ షెడ్డు ఒక్కటే.

షెడ్డు మేస్త్రి ఇంటి వెనక ఉంది. గ్లైడర్ ఒళ్ళు అందులో ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా పడుకుని ఉంది. రెక్కలు రెండూ గోడకి నిలబెట్టి ఉన్నాయి. వీధిలోవాళ్ళు దాన్ని రేకుపిట్ట అంటారు. ఇంజను ఎక్కడ మర్చిపోయావయ్యా మేస్త్రీ అని అడిగిపోవడం వాళ్ళకో సరదా. బస్సు కట్టే మనిషి కట్టిన విమానం అని చూడగానే తెలిసిపోతుంది. ఒళ్ళు గుండ్రంగా ఉండదు. నాలుగు మూలలా నాలుగు కోణపు కడ్డీలు, వాటి మీద బల్లపరుపు రేకులు. రెక్క మొదలు నుంచి చివరిదాకా ఒకటే వెడల్పు. అలా అయితే ఒక్క చెక్క అచ్చు చేసుకుని, దాని మీద రేకు వంచి, పక్కటెముకలన్నీ ఒకే రకంగా కొట్టేయొచ్చు. అందం కోసం చెయ్యలేదు, చేతికి వచ్చిన పని మీద నమ్మకంతో చేశాడు. ఆ నమ్మకమే మాష్టారికి నచ్చింది. తోక మాత్రం ఈమధ్యే ఎర్రరంగు వేయించుకుని అద్దంలా మెరుస్తోంది. మొన్న చూసి, "నీ మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చోయ్" అని మెచ్చుకున్నారు కూడా.

లోపల ఉన్నది ఒక్కటే సీటు. ఆ సీటు కొలతలన్నీ మేస్త్రి కూతురివి. ఇంట్లో అందరూ అమ్మడు అని పిలిచే ఆ పిల్లని పెంకుటింటి వాలులాంటి రెండు చెక్కల మధ్య కూర్చోబెట్టి, మోకాలు ఇక్కడ, మోచెయ్యి ఇక్కడ అని సుద్దతో గీతలు గీశాడు. రివెట్టు కొట్టేటప్పుడు బయట రివెట్ల తుపాకీ పట్టేది తండ్రి, లోపల ఇనపదిమ్మ ఆనించేది ఆ పిల్ల. తోకగొట్టంలోకి దూరగలిగింది ఆ చెయ్యి ఒక్కటే.

ఆ పిల్ల ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది. ఉద్యోగం నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు. గ్లైడర్ దగ్గరికి వచ్చి, అలవాటుగా లోపలికి తొంగి చూసింది. చూసి, అలాగే ఉండిపోయింది.

"క్లబ్బు కెప్టెన్‌గారు ఎంత బరువుంటారు నాన్నా?"

"ఎంతా? ఎనభై ఉంటాడేమో."

"ఓహో."

"మొదటిసారి ఆయన ఎగురుతాడు. ఆయనకి అనుభవం ఉంది. తర్వాత చూద్దాం."

"తర్వాతంటే? నేను పదమూడు కిలోలు పెరిగాకా?"

"పెరుగు. మీ అమ్మ పెట్టనంటోందా?"

ఎవరూ నవ్వలేదు. అమ్మడు కాలు ఎత్తి లోపలికి దిగి, సీట్లో కూర్చుని, పైన గాజుకప్పు మూసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. లోపల ఆ పిల్ల పెదవులు కదుపుతోంది గాని ఏం అంటోందో బయటికి తెలియలేదు. మేస్త్రి వీపు తిప్పి పనిముట్లు సర్దుతున్నట్టు నటించాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

*

మర్నాడు మాష్టారు షెడ్డుకి మామూలుగా వెళ్ళే వేళకన్నా ముందే ఇంట్లోంచి బయటపడ్డారు. వీధి మలుపులో అమ్మడు ఎదురుచూస్తోంది.

"మామయ్యా, రేపు కెప్టెన్‌గారు మిమ్మల్ని అడుగుతారు."

"అడుగుతాడు."

అది వాళ్ళ గ్లైడింగ్ క్లబ్బులో పాత ఆచారం. ఇంట్లో కట్టుకున్న గ్లైడర్ మొదటిసారి పైకి లేచేముందు, కట్టిన మనిషి, లెక్క చూసిన మనిషి, ఇద్దరూ దాని పక్కన నిలబడి అందరి ముందూ నోటితో చెప్పాలి. కాగితాలు ఎన్ని ఉన్నా ఆ మాట వినిపించనిదే గ్లైడర్‌ని పైకి లేపే లాగుడు తాడు తగిలించరు.

"అరవై ఐదు సరైనదేనా అని అడుగుతారు. ఏం చెప్తారు?"

మాష్టారు నడక ఆపారు. పక్కన మూసి ఉన్న కొట్టు అరుగుని ఎవరో తుడిచి శుభ్రంగా పెట్టారు. దాని మీద కూర్చుంటే మోకాళ్ళు కాస్త తెరిపిన పడ్డాయి.

"మీ నాన్నకి భయం అమ్మడూ."

"తెలుసు. భయమని చెప్పమనండి. నాకు భయమే, ఎగరొద్దు అంటే ఏడ్చేదాన్ని, పోట్లాడేదాన్ని, ఏదో ఒకటి చేసేదాన్ని. బరువు చాల్లేదంటే నేను ఎవరితో పోట్లాడాలి? నా ఒంటితోనా?"

"సీసం దిమ్మ..."

"దాని బోల్టు తిరక్కుండా గడియ వైరు చుట్టేది నేను. వదులవదు. ఆయనకీ తెలుసు." పిల్ల ఎదురుగా వచ్చి నిలబడింది. "క్లబ్బు గ్లైడర్‌లో ఒంటరిగా ఎన్నిసార్లు ఎగిరాను? అప్పుడు గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. తను కట్టినదాంట్లో అయితే మాత్రం వద్దంట. అంటే తన పని మీద తనకే నమ్మకం లేనట్టేగా? లేదా నా మీద లేదు. రెండింటిలో ఏదో చెప్పమనండి."

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పు పట్టడానికి మాష్టారికి ఏమీ దొరకలేదు. కాలేజీలో పాఠం చెప్పిన రోజుల్లో అయితే ఇలాంటి ప్రశ్న అడిగిన పిల్లని మెచ్చుకుని కూర్చోబెట్టేవారు. ఇక్కడ అది కుదరదు.

ఆయన షెడ్డుకి వెళ్ళేసరికి మేస్త్రి రెక్కల్ని ట్రెయిలర్‌కి ఎక్కించి, కింద పాత దుప్పట్లు కుక్కుతున్నాడు. ఇద్దరూ కలిసి తాళ్ళు బిగించారు. ముడి వేస్తున్నంతసేపూ మేస్త్రి ఏదో అనబోయి ఆగుతూనే ఉన్నాడు. చివరి ముడి అయ్యాక అన్నాడు.

"రేపు అవుననెయ్ బావా."

"ఏం అవునని?"

"కెప్టెన్ అడుగుతాడుగా. అవును, సరిపోయింది అను. అంతే. ఒక్క మాట."

"నేను ఇన్నేళ్ళలో తప్పు లెక్కని ఒప్పని దిద్దలేదోయ్."

"ఇది దిద్దడం కాదు. నీ కాళ్ళు పట్టుకోమంటావా?" నిజంగానే వంగబోయాడు. మాష్టారు భుజం పట్టి ఆపారు. మేస్త్రి ట్రెయిలర్ చక్రం మీద కూలబడ్డాడు. "బస్సయితే పక్కకి పడితే నలుగురు లేపుతారు. దీంట్లో దానికి తోడు ఎవరున్నారు? రెండు సీట్లు పెడదామంటే మన రేకుకి, మన చేతికి అంత బరువు మొయ్యదని నువ్వే లెక్క చూపించావు. ఒక్క సీటు. నేను పక్కన కూర్చోలేను. కింద నిలబడి చూడాలి. చూడగలను అనుకున్నా బావా. ఇన్నాళ్ళూ అనుకున్నా. మొన్న పెయింటు ఆరాక, కళ్ళ ముందు నిజంగా ఎగిరేదానిలా కనిపించింది. అప్పట్నుంచీ అన్నం దిగట్లేదు."

"కెప్టెన్ పడితే పర్వాలేదా మరి?"

మేస్త్రి తలెత్తి చూశాడు. "ఆయనది ఆయన చూసుకుంటాడు" అని, ఆ మాట తనకే నచ్చక మొహం తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి మేస్త్రి భార్య మాష్టారిని వెళ్ళనివ్వలేదు. గాలి తగిలే చోట పీట వేసి, ఆయనకి పడదని కూరలో కారం తగ్గించి వేరే గిన్నెలో తీసి ఉంచింది. అడిగి చేసేది కాదు, చేసి చెప్పేదీ కాదు. మేస్త్రి చెయ్యి కడుక్కుని లేచిపోయాక, మజ్జిగ పోస్తూ మెల్లిగా అంది.

"అన్నయ్యగారూ, నాకు గోడ అవతలి మాటలు వినపడతాయి."

మాష్టారు మజ్జిగ చాలని చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకున్నది అదొక్కతే. ఎగరొద్దనే నాకూ ఉంది. వద్దు అని దాని మొహం మీద చెప్పమనండి, ఆయన పక్కన నేనూ నిలబడి వద్దంటాను. అంతేగాని లెక్కని అడ్డంపెట్టి ఆపకూడదు. ఇప్పటిదాకా అది లెక్క అంటే ఆగేది. ఇది అబద్ధపు లెక్కని తెలిశాక, రేపెప్పుడో నిజం లెక్క చెప్పినా ఆగదు."

"నన్నేం చెయ్యమంటావు చెల్లెమ్మా?"

"నాకేం తెలుసు. మీరు చదువుకున్నవాళ్ళు." గిన్నె ఎత్తుకుని వెళ్తూ, గుమ్మంలో ఆగింది. "మీరేం చెప్పినా రేపు రాత్రికి ఇక్కడే భోంచెయ్యాలి. అలిగి ఇంటికి పోయి అటుకులు నానబెట్టుకుంటే ఊరుకోను."

*

శనివారం గాలి సరిగ్గా కావలసినంతే ఉంది. గడ్డి మైదానం చివర గాలి దిక్కు చూపే గుడ్డగొట్టం నిండీ నిండకుండా, పట్టాలు వేసినట్టు ఒకే దిక్కుకి ఊగుతోంది. ఇలాంటి రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేమని క్లబ్బువాళ్ళు అప్పటికే రెండుసార్లు అన్నారు. రేకుపిట్ట సంగతి విని, తమ పనులు మానుకుని వచ్చినవాళ్ళు కొందరున్నారు.

రెక్కలు తగిలించారు. పిన్నులు దిగాయి, పిన్నులకి పిన్నులు దిగాయి. అమ్మడు లోపల కూర్చుని నడిపే కర్ర అటూ ఇటూ తిప్పుతుంటే మేస్త్రి రెక్క చివర్లు అరచేత్తో పట్టి బలం చూశాడు. తండ్రీకూతుళ్ళు పనికి కావలసిన మాటలే మాట్లాడుకున్నారు. "కుడి." "వచ్చింది." "ఎడమ." "వచ్చింది." పక్కనున్నవాళ్ళకి అది మామూలుగానే ఉండి ఉంటుంది. మాష్టారికి మాత్రం ఆ ఒక్కొక్క మాటా ఒంటి మీద చీమ పాకినట్టుంది.

కెప్టెన్ వచ్చాడు. పెద్ద ఒళ్ళు, తెల్ల మీసం, నవ్వితే చెవులదాకా ఎర్రబడే మొహం. అతనిలో చెడ్డతనం లేదు, కొత్త గ్లైడర్ అంటే చంటిపిల్లాడికి మిఠాయి చూపించినట్టు. చుట్టూ తిరిగి చూశాడు. రెక్క మీద వేళ్ళతో రివెట్ల వరుస తడిమాడు. "మేస్త్రీ, మీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుంది?" అని అడిగి తనే నవ్వాడు. రేకు మీద రాసింది చదివాడు.

"అరవై ఐదు. అయితే పాప ఇవాళ చూస్తుంది, నేను ఎగురుతాను."

అమ్మడు తలూపింది. కింద గడ్డిలో దేన్నో చూస్తోంది.

"సరే, ఇద్దరూ ఇటు రండి. మేస్త్రీ, ఇది నువ్వు కట్టావా? చెప్పినట్టే కట్టావా?"

"కట్టాను. చెప్పినట్టే కట్టాను."

"మాష్టారూ, బరువు లెక్క మీరు చూశారా? ఇక్కడ రాసింది సరైనదేనా?"

మాష్టారు మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి ఆయన వైపు చూడట్లేదు. తన బూటు ముక్కు వైపు చూస్తున్నాడు, చెయ్యి మాత్రం చెవి దగ్గరికి పోయింది. అమ్మడు ఇప్పుడు తలెత్తింది. ఆ చూపులో బతిమాలడం లేదు. పరీక్ష కాగితం ఇచ్చేసి మార్కుల కోసం చూసే పిల్ల చూపు అది.

కాదు అనడానికి ఆయన సిద్ధంగానే వచ్చారు. తెల్లవారుజామున మొహం కడుక్కుంటూ ఆ మాటనే అద్దానికి అప్పజెప్పారు. ఇది తప్పు, సీసం దిమ్మ ఉంటే యాభై చాలు, ఈ పిల్ల ఎగరొచ్చు. లెక్క తిరుగులేనిది. అన్నిసార్లు వేసి చూసిన లెక్క. కాని ఇంతమంది ముందు ఆ మాట అంటే, చేతిలో రంపపు పొట్టూ చెవుల్లో రివెట్ల మోతా తప్ప మరేమీ మిగుల్చుకోకుండా దీన్ని కట్టిన మనిషి అబద్ధాలకోరు అవుతాడు. ఆ మనిషి తన భార్య ఎత్తుకుని పెంచిన తమ్ముడు.

"మళ్ళీ ఒకసారి తూచి చెప్తాను" అన్నారు.

అనుకుని అన్నది కాదు. కాస్త గడువు దొరికితే చాలనుకునేవాడు పట్టుకునే గడ్డిపోచ అది.

"తూచలేదా ఇంకా?" కెప్టెన్ కనుబొమలు లేచాయి.

"తూచాం. షెడ్డులో. ఇక్కడ అందరి ముందూ తూస్తే... మనసుకి నిమ్మళంగా ఉంటుంది."

"గాలి పోతుంది మాష్టారూ" అన్నారు ఎవరో వెనక నుంచి.

కెప్టెన్ మాత్రం చెయ్యెత్తాడు. "అడిగాక తూచాల్సిందే" అన్నాడు. క్లబ్బు షెడ్డులోంచి త్రాసు తెచ్చి, తోక కింద చదునైన చెక్క వేసి, దాని మీద పెట్టారు. మేస్త్రి ఏమీ అనకుండా రెక్క మట్టంగా పట్టుకున్నాడు. మొహం మాడిన పెనంలా ఉంది.

ముందు కెప్టెన్ ఎక్కి కూర్చున్నాడు. కూర్చోవడం అంత తేలిక కాలేదు. మోకాళ్ళు పైకి లేచి, ఎత్తూ వేగం చూపే గడియారాల పలకకి తగిలాయి, గాజుకప్పు నెత్తిన ఆనింది. కాని అతను ఒరిగి కూర్చోగానే తోక త్రాసు మీంచి పైకి లేచింది, ముక్కు కిందున్న చెక్క పట్టీ గడ్డిలో దిగింది. ముక్కు బరువుగా, తోక తేలిగ్గా. అలాగే ఉండాలి.

"ఇప్పుడు అమ్మడు" అన్నారు మాష్టారు. "దిమ్మతో."

మేస్త్రి చటుక్కున ఆయన వైపు చూశాడు. మాష్టారు ఆ చూపు భరించారు. అమ్మడే ముక్కు మూత విప్పి, సీసం దిమ్మ దించి, బోల్టు బిగించి, వైరు చుట్టింది. పారాచూట్ తగిలించుకుని, ఎక్కి, బెల్టులు కట్టుకుని, వెనక్కి ఆనుకుంది. ఆ సీటు ఆ పిల్లని అరచేతిలో తీసుకున్నట్టు తీసుకుంది. మోకాలు ఉండాల్సిన చోట మోకాలు, మోచెయ్యి ఉండాల్సిన చోట మోచెయ్యి.

తోక లేవలేదు.

మాష్టారు మోకాళ్ళ మీద వంగి త్రాసు ముల్లు చూశారు. తన లెక్క ప్రకారం అది సున్నాకి వచ్చి, త్రాసు వదిలి లేచిపోవాలి. ముల్లు సున్నాకి దూరంగా, హాయిగా నిలబడి ఉంది. త్రాసు తట్టి చూశారు. చెక్క సరిచేయించారు. రెక్క మట్టం చూడమన్నారు. "కాస్త ముందుకి ఒరుగు అమ్మడూ... ఆ, వెనక్కి." ముల్లు ఊగింది, అక్కడికే వచ్చింది.

"మామయ్యా, ఎంతుంది?"

మాష్టారికి అద్దం ముందు అప్పజెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ మాట అనేసి ఉంటే ఈపాటికి తాడు తగిలించేవారు. తోక బరువైన గ్లైడర్ తాడు వదిలాక ముక్కెత్తుతుంది, వేగం పోగొట్టుకుంటుంది, గింగిరాలు తిరుగుతుంది. ఆ తర్వాత కర్ర ఎంత తోసినా వినదు. ఇవన్నీ ఆయనే బోర్డు మీద గీసి ఈ తండ్రీకూతుళ్ళకి చెప్పారు.

"ఎంతుందో చెప్పండి మామయ్యా!"

చెప్పింది మేస్త్రి. రెక్క ఇంకొకరికి అప్పగించి వచ్చి, బావ భుజం మీంచి వంగి చూసి, ముల్లు చూపించిన అంకె గట్టిగా చదివాడు.

కాక్‌పిట్‌లో అమ్మడు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. మాష్టారికి తెలుసు, లెక్క వేస్తోంది. కళ్ళు తెరిచి, బెల్టులు విప్పి, గాజుకప్పు పక్కకి నెట్టి దిగింది. ఎవరూ దిగమనలేదు.

"తోకలో ఎక్కడో బరువుంది" అంటూ వెనక్కి నడిచింది. రివెట్టు కొట్టేవాళ్ళు మాత్రమే చేసే పని చేసింది. వేలి కణుపుతో రేకు మీద తడుతూ, చెవి దగ్గరగా పెట్టి వింటూ పోయింది. టంగ్, టంగ్, టంగ్. నిలువు తోక దగ్గరికి వచ్చాక చప్పుడు మారింది. గోడని తట్టినట్టు, మెత్తగా. "ఇక్కడ మోగట్లేదు. ఇక్కడా లేదు. నాన్నా, దీనికింద ఏముంది?"

మేస్త్రి ఆ ఎర్రటి మెరుపు వైపు అలా చూస్తూ నిలబడ్డాడు.

"పుట్టీ" అన్నాడు.

"పుట్టీనా?"

"అక్కడ స్టాండు మీంచి జారి సొట్టలు పడ్డాయి. కెప్టెన్‌గారు చూస్తే ఏమనుకుంటారోనని పుట్టీ పెట్టి, గీకి, మళ్ళీ పెట్టి... రెండువైపులా సమంగా ఉండాలిగా, రెండోవైపు కూడా పెట్టా. పైన రంగు. తళతళలాడాలని ఇంకోసారి రంగు." బస్సుకి అయితే అది వీసమెత్తు లెక్క కాదు. డిపోకి అప్పగించే ముందు ఏ మేస్త్రి అయినా చేసే పనే. చేతులు తమంతట అవే చేసేశాయి. "తూచింది దానికి ముందు. తట్టలేదు నాకు. బావా, అసలు తట్టలేదు."

నాకూ తట్టలేదు అనుకున్నారు మాష్టారు. గడ్డం గీసుకోవచ్చని మెచ్చుకున్నది నేనే.

కెప్టెన్ మీసం దువ్వుకున్నాడు. అతని మొహంలో నవ్వు పోయింది గాని కోపం రాలేదు. ఆకాశం వైపు చూశాడు, గుడ్డగొట్టం వైపు చూశాడు.

"నాకైతే ఇబ్బంది లేదుగా మేస్త్రీ? నేను కూర్చుంటే తోక లేచింది. అరవై ఐదని నువ్వు రాసిందీ ఇప్పుడు ఇంచుమించు సరిపోయింది. గాలి బాగుంది. ఒక్క చుట్టు వేసి దింపుతాను. ఇంతమందీ వచ్చారు."

అందరూ మేస్త్రి వైపు తిరిగారు. అమ్మడు అప్పటికే పారాచూట్ విప్పేసి, పట్టీలు కెప్టెన్ కొలతకి వదులు చేస్తోంది.

"ఎగరనీ నాన్నా" అంది తలెత్తకుండా. "నీ గ్లైడర్ గాల్లో ఉంటే నువ్వు చూడాలిగా."

మాష్టారు మేస్త్రి చేతుల్నే చూస్తున్నారు. ఆ చేతులు ఏ చెవి దగ్గరికీ పోలేదు. పక్కన వేలాడుతున్నాయి, ఏం చెయ్యాలో తెలియనట్టు. అతను కోరుకున్నదంతా ఇప్పుడు ఒళ్ళో వచ్చి పడింది. కూతురు కింద ఉంది. అబద్ధం నిజమై కూర్చుంది. ఎవరూ వేలెత్తి చూపరు. అవునంటే చాలు, ఆ ఎర్రతోక నీలాకాశంలోకి లేస్తుంది.

"లేదు కెప్టెన్‌గారూ. ఇవాళ ఎగరదు."

"ఎందుకయ్యా?"

"మీ మోకాళ్ళు పలకకి తగుల్తున్నాయి. కర్ర పూర్తిగా ఎడమకి రాదు. మీరు ఎక్కినప్పుడే చూశా, ఊరుకున్నా." మేస్త్రి గుటక వేశాడు. "ఇది మీ ఒంటికి కట్టలేదు. దాని ఒంటికి కట్టా. అరవై ఐదన్నది నేను భయపడి కొట్టిన అంకె. బావ లెక్క యాభై. బావకి తెలుసు, దానికీ తెలుసు. మీకు ఇప్పుడు చెప్తున్నా."

కెప్టెన్ వంగి రేకు మీది అంకె మళ్ళీ చదివాడు.

"నీ భయమే నయమైందిగా మరి" అన్నాడు కెప్టెన్ చివరికి. "ఆ అంకె లేకపోతే పాప ఎక్కి ఉండేది."

"అందుకే ఇంకా భయమేస్తోంది. అబద్ధం చెప్పినందుకు బతికింది. ఇలా ఎన్నిసార్లు బతుకుతుంది?" కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల పట్టీలు వదులు చెయ్యడం ఆపేసింది. "ముల్లు చూసి దిగిపోయావే? నేనింకా వద్దనలేదుగా?"

"వద్దనాలా నాన్నా? తోక లేవలేదుగా."

మేస్త్రి తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, చేతికి గ్రీజుందని చూసుకుని దించేశాడు. "అది తెలియక ఇన్నాళ్ళు అన్నం మానేశా" అన్నాడు, ఎవరితోనో తెలియదు.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. కొందరు గాలి వృథా అయిందని గొణిగారు. గ్లైడర్‌ని తోసుకుంటూ క్లబ్బు షెడ్డు నీడలోకి తెచ్చారు. మాష్టారు ఒక తలుపుకి ఆనుకుని నిలబడ్డారు. అమ్మడు ఒక ముక్కాలిపీట తెచ్చి ఆయన వెనకాల పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. కూర్చున్నాకగాని తెలియలేదు, అది ఎంత అవసరమో.

"నిన్న నువ్వన్న మాట మీద నాకు కోపం లేదమ్మడూ" అన్నారు ఆ పిల్ల మళ్ళీ అటు వచ్చినప్పుడు. "నా లెక్క మీదే కోపంగా ఉంది."

"లెక్క ఒప్పే మామయ్యా. తోకే మారిపోయింది. తూచుదాం అన్నారుగా మీరు."

"ధైర్యం లేక అన్నాను."

"ఎలా అంటే ఏం" అంది అమ్మడు.

మేస్త్రి చొక్కా చేతులు మడిచి, థిన్నర్ డబ్బా తెరిచి, గుడ్డ తడిపి ఎర్రరంగు మీద పరిచాడు. రంగు బుడగలు లేచింది. ఇనుము తగిలితే రేకు గీసుకుంటుందని చెక్క చీలికలు చెక్కాడు. ఒకటి కూతురికి ఇచ్చాడు, ఒకటి బావ చేతిలో పెట్టాడు. ముగ్గురూ తోక చుట్టూ చేరి గీకడం మొదలుపెట్టారు. పుట్టీ పెచ్చులు పెచ్చులుగా కింద పరిచిన గోనె మీద రాలుతోంది. అడుగున సొట్టలు బయటపడ్డాయి, వంకరటింకరగా, సిగ్గులేకుండా.

"ఇలాగే ఉంచుదామా నాన్నా? సొట్టలతో?"

"ఉంచు. సుత్తితో తడితే కాస్త సర్దుకుంటాయి. మిగిలింది నీ ఖర్మ." మేస్త్రి గీకడం ఆపలేదు. "ఈసారి తూచేది నువ్వు. లెక్క వేసేదీ నువ్వే. వేసి, మా ఇద్దరికీ చూపించు."

"చూపించాక?"

మేస్త్రి చెక్క చీలిక అంచు వేలితో చూసుకున్నాడు. అరిగిపోయింది. ఇంకోటి తీసుకున్నాడు.

"నీకు తాడు తగిలించేది నేనే" అన్నాడు. "ఇంకెవరికీ ఇవ్వను."

గుమ్మం దగ్గర నీడ పడింది. కెప్టెన్ నిలబడి ఉన్నాడు, టోపీ తీసేసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని. లోపలికి వచ్చి, మోకాలు నొక్కుకుంటూ గోనె పక్కన చతికిలబడ్డాడు.

"నాకూ ఒక ముక్క ఇవ్వండి" అన్నాడు. "మళ్ళీ ఇలాంటి గాలి వచ్చేలోపు ఇది అయిపోవాలి."

"మెల్లిగా కెప్టెన్‌గారూ, రేకు గీసుకుంటుంది" అంది అమ్మడు, తన చేతిలోది ఆయనకి అందిస్తూ. "ఏటవాలుగా పట్టుకోవాలి. ఇదిగో, ఇలా."